దర్శిని టిఫిను, ఆఫీసు క్యాంటీను, క్యాను నీళ్ళు: కడుపుతో ఉన్నప్పుడు ఏది వదలాలి, ఏది తినొచ్చు?

బెళ్లందూరు_బుజ్జి

నాకిప్పుడు 11వ వారం. ఉండేది బెంగళూరు, ఇద్దరివీ ఉద్యోగాలే. వారంలో నాలుగు రోజులు పొద్దున ఇంటి కింది దర్శినిలో (నిలబడి తినే టిఫిను హోటలు) ఇడ్లీయో దోసో, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీను, రాత్రి మాత్రం ఇంటి వంట. అత్తగారి జాబితాలో బొప్పాయి, అనాస, నువ్వులు, పీతలు, అన్నీ ‘వేడి’ చేసేవే. డాక్టరమ్మేమో “పచ్చివి, సగం ఉడికినవి వద్దు, మిగతావి తిను” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు కావలసింది రోజూ పనికొచ్చే వివరం.

దర్శినిలో తింటే ఏది వదలాలి? రాత్రి మిగిలిన అన్నం, కూర పొద్దున డబ్బాలో పట్టుకెళ్ళొచ్చా? కాఫీ రోజుకు ఎంత? చేపల్లో ఏవి, వారానికి ఎంత? ఇంటికి వచ్చేవి ట్యాంకరు నీళ్ళు, తాగడానికి 20 లీటర్ల క్యాను. కొలతలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. ‘ఏదైనా మితంగా’ అన్న సలహా మాత్రం వద్దు, అది ఇప్పటికే కావలసినంత అందింది.

పోపులడబ్బా

బుజ్జిగారూ, మీ డాక్టరమ్మ మాట సరైనదే. కాకపోతే ‘ఉడికింది’ అన్నాక ఇంకో రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఉడికి ఎంతసేపయింది? ఉడికాక పచ్చి నీళ్ళు గానీ చెయ్యి గానీ తగిలిందా? దర్శినిలో నిలబడి ఈ రెండూ గమనిస్తే చాలు, వంటకం పేరుతో పెద్దగా పనిలేదు.

ఇడ్లీ దాదాపు నిర్భయంగా తినదగ్గది. పిండి పులిసి పుల్లబడ్డప్పుడే చాలా క్రిములకు అందులో బతుకు కష్టమవుతుంది, ఆపైన పది పన్నెండు నిమిషాల ఆవిరి. ఇడ్లీ రేకుల మీద గుడ్డ పరుస్తున్నారా, ప్లాస్టిక్ కాగితమా అన్నది మాత్రం ఓసారి తొంగిచూడండి. వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని 2025లో కర్ణాటక ప్రభుత్వం హోటళ్ళలో ఆ పద్ధతిని నిషేధించింది. దోస, ఊతప్పం పెనం మీంచి నేరుగా పళ్ళెంలోకి వస్తాయి కాబట్టి మంచివే. వడ ఎప్పుడో వేయించి గంపలో పోసి ఉంచినదైతే, వేడి వాయ వచ్చేదాకా ఆగండి.

ఆగి ఆలోచించాల్సింది కొబ్బరి చట్నీ దగ్గర. కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నీళ్ళు: పుట్నాలు తప్ప ఇందులో పొయ్యి మొహం చూసింది ఏదీ లేదు. పైన వేసే పోపు రెండు గరిటెల నూనె, అది బకెట్టు చట్నీని ఉడికించలేదు. పులుపు తక్కువ, తడి ఎక్కువ, పైగా బయటి వేడి. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య క్రిములు జోరుగా పెరుగుతాయి, బెంగళూరు పొద్దుటి పూట సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. దానికి తోడు బకెట్టు అడుగున మిగిలిన పాతదాని మీదే కొత్తది పోస్తుంటారు. ఏడింటికి బాగున్న చట్నీ పదకొండింటికి అదే చట్నీ కాదు. అందుకని పొగలు కక్కే సాంబారులో ముంచిన ఇడ్లీ అడగండి. ఉల్లి, టమాటా నూనెలో మగ్గించి చేసిన ఎర్ర చట్నీ కొంత నయం. ఇంట్లో కొబ్బరి చట్నీకి అడ్డేమీ లేదు. కాచి చల్లార్చిన నీళ్ళతో రుబ్బుకుని వెంటనే తినండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజుతో ముగించండి.

సాయంత్రం తిళ్ళ సంగతి. 2024 మార్చిలో రోడమిన్-బి లాంటి రంగులు బయటపడ్డాక కర్ణాటక గోబీ మంచూరిలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని ఆదేశించింది. అదే ఏడాది జూన్‌లో చికెన్, చేప కబాబులకూ అదే వర్తింపజేసింది. వేళ్ళకు ఎరుపు అంటుకునేది ఏదైనా వదిలెయ్యండి. పానీపూరీలో నీళ్ళూ పచ్చివే, చెయ్యీ పచ్చిదే. చెరుకురసంలో ఐసు, గానుగ రెండూ అనుమానమే.

క్యాంటీనులో వేడినీళ్ళ తొట్టెలో నిలబెట్టిన గిన్నెల్లోని కూరలు 60 డిగ్రీల పైన ఉండాలి. థర్మామీటరు పట్టుకుని తిరగలేం కాబట్టి గుర్తు ఒకటే: మూత తీస్తే ఆవిరి లేవాలి, మొదటి ముద్ద నోటికి చురుక్కుమనాలి. గోరువెచ్చని పప్పు వద్దు. వడ్డన మొదలైన అరగంటలోపు వెళ్ళండి. కోసిపెట్టిన పళ్ళు, కీరా ముక్కలు, రైతా, పచ్చి మొలకలు తీసుకోవద్దు. మొలకల సంగతి వింత. కడిగినా లాభం లేదు, ఎందుకంటే క్రిమి గింజ పగుళ్ళలో ఉండి, మొలకెత్తే వెచ్చదనంలో గింజతో పాటే పెరుగుతుంది. ఉడికించుకుంటే ఏ బాధా లేదు. పళ్ళలో అరటి, కమలా, మీ చేత్తో తొక్క తీసుకునేవి మేలు.

ఇక మిగిలిన అన్నం. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాల్లాంటి రూపంలో బియ్యంలోనే ఉంటుంది, అన్నం ఉడికినా అది చావదు. అన్నం గంటల తరబడి గిన్నెలో వెచ్చగా ఉంటే మేల్కొని విషం తయారుచేస్తుంది. ఆ విషాన్ని మళ్ళీ వేడిచేసినా పోగొట్టలేం. కాబట్టి జాగ్రత్తంతా మొదటి గంటలోనే. మిగులుతుందనుకున్న అన్నాన్ని తినడానికి కూర్చోకముందే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరవండి, గంటలోపు చల్లారుతుంది, మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. కుక్కరులో అలాగే వదిలేస్తే మధ్యలోది తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. మర్నాడు కాసిని నీళ్ళు చిలకరించి పొగలొచ్చేదాకా వేడిచేసి తినండి, అదీ ఒక్కసారే. 24 గంటలు దాటితే పారెయ్యండి, లక్ష్మీదేవి ఏమీ అనుకోదు.

మీ డబ్బాలో ఇంకో చిక్కుంది. పొద్దున ఎనిమిదింటికి వేడిచేసి మామూలు స్టీలు డబ్బాలో పెడితే ఒంటిగంటకు ఐదు గంటలు గోరువెచ్చగా నానినట్టు లెక్క. రెండు దారులు. ఒకటి, ఫ్రిజ్‌లోంచి చల్లగానే తీసుకెళ్ళి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు మైక్రోవేవ్‌లో మధ్యలో ఒకసారి కలిపి వేడిచేసుకోవడం (కలపకపోతే అంచులు కాలి నడుమ చల్లగా ఉండిపోతుంది). రెండోది ఫ్లాస్కు డబ్బా. దాన్ని మరిగే నీళ్ళతో నింపి పది నిమిషాలుంచి పారబోసి, మరుగుతున్న పదార్థం అందులో పోసి బిగించాలి. ముందు వేడి చేయకపోతే పదార్థం వేడిని కొంత ఫ్లాస్కే లాక్కుంటుంది.

ఫ్రిజ్‌ను కూడా మరీ నమ్మకండి. లిస్టీరియా అనే బాక్టీరియా 4 డిగ్రీల చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది. అది సోకే అవకాశం గర్భిణులకు మిగతావాళ్ళకంటే సుమారు 10 రెట్లు ఎక్కువ. తల్లికి కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులతో పోవచ్చు, బిడ్డకు మాత్రం గర్భస్రావం దాకా వెళ్తుంది. తిన్న కొన్ని వారాలకు గానీ బయటపడకపోవచ్చు కూడా, అందుకే దాన్ని ఏ తిండి మీదా ఎవరూ అనుమానించరు. చల్లటి సలామీ శాండ్‌విచ్, పచ్చిపాలతో చేసిన చీజు, విడిగా అమ్మే పనీరు పచ్చి ముక్కలు వద్దు. పనీరు కూరలో మరిగితే సరే. నందిని, ఆవిన్ ప్యాకెట్ పాలు పాశ్చరైజు చేసినవే, అయినా ఎలాగూ మనం కాస్తాం కదా, ఆ అలవాటు అలాగే ఉంచండి. జున్ను (బెంగళూరులో గిన్ను అంటారు) ఇంట్లో అరగంట ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికిస్తే తినొచ్చు. బండి మీద ఆకులో పెట్టి అమ్మేది వద్దు.

ఫిల్టర్_డికాషన్

కాఫీ లెక్క నేను చెబుతాను. గర్భిణులకు రోజుకు కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు వాడే హద్దు. ఐసీఎంఆర్ లెక్కలో 150 మి.లీ. డికాషన్ కాఫీలో 80–120 మి.గ్రా., ఇన్‌స్టంట్‌లో 50–65, టీలో 30–65. ఇంతవరకూ అందరికీ తెలుసు, గ్లాసు మారితే లెక్క మారుతుందన్నదే మరిచిపోతాం.

అందుకని గ్లాసులు కాకుండా పొడి తూచండి. అరబికా గింజలో బరువుకు దాదాపు 1.2 శాతం కెఫీన్, రోబస్టాలో 2.2 శాతం, చికోరిలో సున్నా. కాఫీ 70, చికోరి 30 పాళ్ళ పొడి 12 గ్రాములు వేస్తే అందులో కాఫీ 8.4 గ్రాములు. అదంతా రోబస్టాయే అయినా, చుక్క మిగలకుండా దిగిందనుకున్నా 185 మి.గ్రా. అంటే చికోరి 30 శాతం కలిసిన పొడి రోజుకు 12 గ్రాముల లోపు వాడితే హద్దు దాటే ప్రసక్తే లేదు. రెండు చిన్న గ్లాసులు హాయిగా వస్తాయి. చికోరి లేని పొడి వాడేవాళ్ళు 8 గ్రాముల దగ్గర ఆగండి. ఆ రోజు టీ, కోలా, చాక్లెట్ ఉంటే అవీ ఈ ఖాతాలోకే. బయట తాగేటప్పుడు ‘బై టూ’ (ఒక కాఫీ ఇద్దరికి సగం సగం) అనండి. బెంగళూరు కనిపెట్టిన గొప్ప కొలత అది.

కాఫీ కంటే ఎక్కువ దెబ్బ కాఫీ తాగే వేళ వల్ల. కాఫీ, టీల్లోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసుకుంటాయి. భోజనానికి ముందూ వెనకా కనీసం గంట ఎడం పెట్టండి. ‘టిఫిను కాగానే కాఫీ’ అన్న మన ధర్మం ఈ తొమ్మిది నెలలూ పక్కన పెట్టాల్సిందే.

మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మూడు నెలలు నిండాక ప్రభుత్వ పథకం ప్రకారం ఇచ్చేది రోజుకు 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర, 180 రోజులు. 14వ వారం నుంచి కాల్షియం 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. ఈ రెండూ కలిపి మింగితే కాల్షియం ఇనుమును లోపలికి పోనివ్వదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఆఫీసు రోజుకు సరిపోయే వరస: ఎనిమిదిన్నరకు టిఫినుతో కాల్షియం, పదకొండున్నరకు నిమ్మరసం నీళ్ళతో ఇనుము, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. పాలతో ఇనుము మాత్ర మింగడం దండగ. విరేచనం నల్లగా అయితే కంగారు పడకండి, అది ఇనుము రంగే. వికారం చేస్తే మానేయకుండా రాత్రి పడుకునే ముందుకు మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి. మీకు రాసిన మోతాదు వేరైతే దాన్నే పాటించండి.

కాశిమేడు_కానాగంత

చేపల గురించి మద్రాసు నుంచి. అసలు భయం పాదరసం. అది చిన్న చేపలో కొంచెం, దాన్ని తిన్న పెద్ద చేపలో ఎక్కువ, ఆ పెద్దదాన్ని తిన్న ఇంకా పెద్దదానిలో మరీ ఎక్కువ. వండినా, వేయించినా, పులుసులో మరిగించినా తగ్గదు, ఎందుకంటే కండలోనే ఉంటుంది. పుట్టబోయే బిడ్డ మెదడు మీద దాని దెబ్బ. కాబట్టి పళ్ళెంలో చేప చిన్నదైతే నిశ్చింత.

నెత్తళ్ళు (తమిళంలో నెత్తిలి), కవళ్ళు (మత్తి, చాళై), కానాగంతలు (అయిలై, మీ బెంగళూరులో బంగుడె), చెరువు చేపల్లో రోహు, బొచ్చె, ఇంకా రొయ్యలు. ఇవి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 110 గ్రాముల దాకా, మొత్తం 225–340 గ్రాములు. తినకపోవడమూ నష్టమే, బిడ్డ మెదడుకు కావలసిన ఒమేగా-3 కొవ్వు కవళ్ళలో, కానాగంతల్లో దండిగా ఉంటుంది. చందువ (వవ్వాల్) కూడా సరే. వంజరం నాకు ప్రాణమే గానీ అది వేటాడి బతికే చేప, వారానికి ఒక ముక్కతో ఆపండి, ఆ వారం మరో పెద్ద చేప వద్దు. పూర్తిగా మానాల్సినవి సొర (షార్క్), కత్తి చేప, కొమ్ముకోనాం.

చెన్నైలో తెలుగువాళ్ళు తికమకపడే చోటు ఒకటుంది. ‘సురా’ అంటే సొర, ‘చూరై’ అంటే ట్యూనా. హోటలు బోర్డు మీద ‘సురా పుట్టు’ అని ఉంటే అది సొర పిట్టే. బాలింతలకు పాలు పడతాయని పెట్టే ఆచారం ఉంది గానీ కడుపుతో ఉన్నప్పుడు అక్కర్లేదు, పాలిచ్చేటప్పుడూ పాదరసం పాదరసమే.

రెండో ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. కానాగంత, చూరై, కవళ్ళు ఐసులో సరిగ్గా పెట్టకపోతే కండలో హిస్టమిన్ పుడుతుంది. అదీ వండితే పోదు. తిన్న గంటలోపు మొహం ఎర్రబడి, దురద, తలనొప్పి, గుండెదడ వస్తే అది చేప ‘పడకపోవడం’ అనుకుంటారు, చాలాసార్లు ఐసు లోపమే. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. బెంగళూరుకు చేప ఐసులో దూరం నుంచి వస్తుంది కాబట్టి అంగట్లో ఐసు పైన కాక ఐసు లోపల ఉన్నదే తీసుకోండి. పీతలు, రొయ్యలు బాగా ఉడికితే చాలు. పీత ‘వేడి’కి గర్భం నిలవదన్నదానికి ఆధారం లేదు.

గుడ్ల మాట కూడా. పచ్చసొన గట్టిపడేదాకా, మరిగే నీళ్ళలో 10–12 నిమిషాలు. ఈ ఊళ్ళో దొరికే హాఫ్ బాయిల్, కలక్కి రెండూ సొన జారుగా ఉంటేనే రుచి, అందుకే రెండూ వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను 2024 అక్టోబరులో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ఏడాదిపాటు నిషేధించాయి, సాల్మొనెల్లా అనే క్రిమి కారణంగానే. షవర్మాలో మాంసం పైపొర కాలి లోపలిది పచ్చిగా గీకడం మామూలు, దానికి ఈ మయొనైజ్ తోడు.

బెళ్లందూరు_బుజ్జి

ఇంత వివరం ఊహించలేదు, అందరికీ దండాలు. ఫ్లాస్కు సంగతి అస్సలు తెలియదు. నీళ్ళ గురించి, ఆకుకూరల గురించి ఎవరైనా చెబుతారా? అపార్టుమెంటు ట్యాంకరు నీళ్ళతో కూరలు కడిగి, చివరలో ఉప్పు, పసుపు నీళ్ళలో నానబెడుతున్నాను. సరిపోతుందా?

అడయారు_ఆకుకూర

ఉప్పు, పసుపు నీళ్ళు పురుగుల్ని పైకి తేలుస్తాయి, క్రిములను చెప్పుకోదగ్గంత చంపవు. పని చేసేది పారే నీళ్ళు, చేతి రాపిడి. ఆకుకూరను కట్ట విప్పి, వేళ్ళు ముందే కోసేసి, పెద్ద గిన్నె నీళ్ళలో ముంచి ఆడించి ఆకుల్ని పైకి ఎత్తండి. నీళ్ళు వంపితే అడుగున దిగిన మట్టి మళ్ళీ ఆకులమీదే పడుతుంది. అడుగున ఇసుక కనబడనంతవరకూ, అంటే మూడు నాలుగుసార్లు ఇలా. వండేదానికి ట్యాంకరు నీళ్ళు చాలు. పచ్చిగా తినే కొత్తిమీర, కీరా, ద్రాక్షకు మాత్రం చివరి కడుగు తాగేనీళ్ళతో. మట్టిని తేలిగ్గా తీసుకోవద్దు, పిల్లి విసర్జన కలిసిన మట్టి నుంచి టాక్సోప్లాస్మా అనే, బిడ్డకు చేటు చేసే పరాన్నజీవి రావచ్చు. వీధి పిల్లులు తిరిగే మిద్దె తోటలో పని చేస్తే చేతికి తొడుగు వేసుకోండి.

తాగే నీళ్ళ విషయంలో గర్భిణి భయపడాల్సిన పేరు హెపటైటిస్ ఇ. కలుషిత నీటితో వచ్చే కామెర్లు. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే మాత్రం 20–25 శాతం దాకా ప్రాణం పోయే ప్రమాదముందని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. అందుకే నేను క్యాను నీళ్ళను కూడా కాచమనే అంటాను. బుడగలు బాగా పొర్లాక ఒక నిమిషం చాలు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అదీ సరిపోతుంది. ఇరవై నిమిషాలు మరిగించి గ్యాసు తగలెయ్యక్కర్లేదు. కాచిన గిన్నెలోనే చల్లార్చి, గ్లాసు ముంచకుండా కుళాయి ఉన్న పాత్రలోంచి తీసుకోండి.

క్యాను మీద ఎఫ్ఎస్ఎస్ఎఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య, నింపిన తేదీ ఉండాలి, సీలు చెక్కుచెదరకూడదు. ఐఎస్ 14543 అన్న అంకెతో ఐఎస్ఐ గుర్తు 2024 అక్టోబరు దాకా తప్పనిసరి, ఇప్పుడు కాదు గానీ ఉంటే మేలు. వచ్చిన క్యాను మూతిని తడిగుడ్డతో తుడిచాకే డిస్పెన్సరులో తిప్పండి. డిస్పెన్సరు కుళాయి లోపల జిగురు పేరుకుంటుంది, వారానికోసారి మరిగే నీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దాలి. ఆర్‌ఓ నీళ్ళలో క్లోరిన్ మిగలదు కాబట్టి పాత్ర మురికిదైతే ఆ నీళ్ళు తమను తాము కాపాడుకోలేవు.

ఒకవేళ విరేచనాలు పట్టుకుంటే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ (20.5 గ్రాములది) సరిగ్గా లీటరు నీళ్ళలో కలిపి, వెళ్ళిన ప్రతిసారీ ఒక గ్లాసు. తీపి డబ్బాల పానీయాలు దానికి బదులు కావు. 38 డిగ్రీలు దాటిన జ్వరం, నీళ్ళు కూడా నిలవని వాంతులు, కళ్ళు పచ్చబడటం, మూత్రం తగ్గడం, తర్వాతి నెలల్లో బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏది కనబడినా ఇంట్లో మందు వెతకొద్దు, ఆ రోజే ఆసుపత్రి.

పాత_చింతకాయ

అంతా బాగుంది గానీ పెద్దవాళ్ళ మాట కొట్టిపారేయకండమ్మా. బొప్పాయి వద్దని ఊరికే అనలేదు.

పోపులడబ్బా

ఊరికే అనలేదు, మీతో ఒప్పుకుంటాను. పచ్చి బొప్పాయి పాలల్లో పపైన్ లాంటి ఎంజైములుంటాయి, జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఆ పాలు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేశాయి. కాయ పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి. కాబట్టి పచ్చికాయ, సగం పండినది వద్దు. చెక్కితే పాలు కారని, లోపల ముదురు నారింజ రంగున్న పండు తినొచ్చు. కోసి అమ్మేది కాదు, ఇంట్లో కోసుకున్నది. అనాసలో బ్రొమెలైన్ అనే అలాంటి ఎంజైము ఎక్కువగా ఉండేది నడిమి గట్టి దుంపలో, ఆ దుంప తీసేసి రెండు మూడు చక్రాలు తింటే ఏమీ కాదు. నువ్వులు ఇనుము, కాల్షియం ఉన్న మంచి గింజలు, నువ్వుల ఉండకు భయపడి బిస్కెట్లు తినడం అన్యాయం. కుంకుమపువ్వు బిడ్డ రంగు మార్చదు, దాని ధర మాత్రం మన రంగు మారుస్తుంది.

పెద్దవాళ్ళ జాబితాలో లేనివే నన్ను ఎక్కువ కంగారుపెడతాయి. అతిమధురం వేసిన కషాయం రోజూ తాగితే రక్తపోటు పెరుగుతుంది. సుఖ విరేచనానికని ఆముదం తాగడం, కలబంద రసం తాగడం వద్దు. లివర్ వేపుడులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, అది మొదటి నెలల్లో బిడ్డ ఎదుగుదలకు చేటు. బలపాలు, విభూతి, మట్టి, నానిన బియ్యం తినాలనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. చాలాసార్లు అది ఇనుము తక్కువైందన్న గుర్తు, పైగా మట్టిలో, సుద్దలో సీసం ఉండొచ్చు. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుందేమో చూస్తారు.

మల్లేశ్వరం_మెట్లు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా వదినకు వచ్చే ఆదివారం చెన్నైలో సీమంతం, వాళ్ళ వైపు వళైకాప్పు (గాజులు తొడిగే వేడుక). పొద్దున ఆరింటికి ఐదు రకాల అన్నాలు కలిపి పెట్టేస్తారట, తినేది పన్నెండున్నరకు. తనకు షుగరు పరీక్షలో హద్దు మీద వచ్చింది కూడా. ఏం చెప్పమంటారు?

అడయారు_ఆకుకూర

ముందు షుగరు. 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకు 140 లేదా ఆపైన వస్తే గర్భకాల మధుమేహంగా లెక్క. పరగడుపు అక్కర్లేని ఈ పరీక్ష మన దేశంలో నిలదొక్కుకోవడానికి కారణం చెన్నై డాక్టరు శేషయ్యగారు, ఆయన పుట్టిన మార్చి 10నే దీని అవగాహన దినంగా జరుపుతారు. హద్దు మీద ఉందంటే ఐదు రకాలూ రుచి చూడొచ్చు గానీ అన్నీ కలిపి ఒక కప్పు అన్నం దాటకూడదు. పక్కన సుండల్ (శనగల గుగ్గిళ్ళు), పొరియల్ (కూరగాయల వేపుడు), పెరుగు ఉంటే షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. చక్కెర పొంగలి ఒక చెంచా, ఫొటో కోసం.

ఇక అన్నాలు. పులిహోర నిలుస్తుంది, చింతపండు పులుపు, నూనె దాన్ని కాపాడతాయి, ఆరింటికి కలిపినా పరవాలేదు. నిమ్మకాయ అన్నంలో రసం సరిపడా పిండితే రెండో స్థానం. కొబ్బరి అన్నం అన్నిటికంటే ముందు పాడవుతుంది, కొబ్బరిని ఎర్రగా వేయించి వేరే గిన్నెలో ఉంచి, పన్నెండింటికి వేడి అన్నంలో కలపమనండి. పెరుగన్నం కూడా చివరి అరగంటలోనే, పెరుగు అప్పటిదాకా ఫ్రిజ్‌లోంచి తీయొద్దు, మీద దానిమ్మ, ద్రాక్ష వేస్తే తాగేనీళ్ళతో కడిగినవే. అన్నాన్ని మాత్రం ఒక్కటే పెద్ద గుండిగలో వండి కుప్పగా వదలొద్దు. రెండు విడతలుగా వండితే రెండోది పదకొండున్నరకు దిగుతుంది, కొబ్బరికీ పెరుగుకూ అదే వాడొచ్చు. గాజులు తొడగడానికి వచ్చేవాళ్ళందరూ తన నోట్లో తలా ఒక ముద్ద పెడతారు కదా, ఆ పళ్ళానికి ఒక చెంచా వేయించండి. మిగిలినవి పొట్లాలు కట్టి తనతో పుట్టింటికి పంపకండి, పులిహోర తప్ప.